మనసు పెట్టని పని: జీనోమ్ వ్యాలీ టీమ్ లీడర్లకు బహిరంగ లేఖ

తుర్కపల్లి, షామీర్‌పేట పరిసరాల్లోని టీకా, ఔషధ, పరిశోధన సంస్థల టీమ్ లీడర్లకు, షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌లకు, వారిని నియమించే యాజమాన్యాలకు,

ఉద్యోగంలో నిరాసక్తత అంటే మనిషి డ్యూటీలో ఉన్నా మనసు పనిలో లేకపోవడం. హాజరు పడుతుంది, షిఫ్టు గడుస్తుంది, సంతకాలు పూర్తవుతాయి, పని మాత్రం మొక్కుబడిగా సాగుతుంది. బట్టల మిల్లులోనో సిమెంటు ఫ్యాక్టరీలోనో అయితే దీని నష్టం ఉత్పత్తి లెక్కల్లో త్వరగానే బయటపడుతుంది. టీకాలు, ఇంజక్షన్లు తయారయ్యే చోట అలా బయటపడదు. అక్కడ అది రికార్డుల్లోకి దూరుతుంది. మీటరు చూడకుండా రాసిన ఉష్ణోగ్రత, షిఫ్టు చివర ఒక్కసారే నింపిన లాగ్‌బుక్, చదవకుండా సంతకం చేసిన శిక్షణ పత్రం దాని ఆనవాళ్లు. ఆ రికార్డును నమ్మే బ్యాచ్ విడుదలవుతుంది. ఆ బ్యాచ్‌ను నమ్మే తల్లి బిడ్డకు టీకా వేయిస్తుంది. అందుకే నిరాసక్తంగా ఉన్న ఉద్యోగిని నడిపించడం ఈ ప్రాంతంలో మానవ వనరుల విభాగానికి మాత్రమే చెందిన విషయం కాదు, నాణ్యతకు చెందిన విషయం.

జీనోమ్ వ్యాలీకి 1999లో బీజం పడింది. అప్పట్లో ఐసీఐసీఐ నాలెడ్జ్ పార్కుగా మొదలై ఇప్పుడు ఐకేపీ నాలెడ్జ్ పార్కుగా పిలుస్తున్న 200 ఎకరాల ప్రాంగణం తుర్కపల్లిలోనే ఉంది. 1996లో మొదలైన భారత్ బయోటెక్ ఈ వ్యాలీ నుంచే టైఫాయిడ్, రోటావైరస్, కోవిడ్ టీకాలను ప్రపంచానికి అందించింది. రాజీవ్ రహదారికి ఇరువైపులా పొలాలున్న చోట పరిశోధనశాలలు, కిణ్వన యూనిట్లు, ఫిల్లింగ్ లైన్లు వెలిశాయి. బీఎస్సీ, ఎమ్మెస్సీ, బీఫార్మసీ చదివినవారితో పాటు ఐటీఐ, డిప్లొమా చేసినవారు, చుట్టుపక్కల గ్రామాల నుంచి కాంట్రాక్టు మీద వచ్చేవారు వీటిలో పనిచేస్తున్నారు. ఒక్క షిఫ్టులోనే ఇన్ని నేపథ్యాలవారిని కలిపి నడపడం టీమ్ లీడర్ పని.

పని స్వభావం

నిరాసక్తతను అర్థం చేసుకోవాలంటే ముందు పనిని అర్థం చేసుకోవాలి. ఉత్తమ తయారీ పద్ధతుల నియమాల కింద నడిచే యూనిట్‌లో ప్రతి చర్యకూ రాసిపెట్టిన ప్రామాణిక పని విధానం (ఎస్ఓపీ) ఉంటుంది. చేతులు ఎలా కడగాలో, గౌను ఏ వరుసలో వేసుకోవాలో, ఏ అంకె ఏ గడిలో రాయాలో అన్నీ ముందే నిర్ణయమై ఉంటాయి. సొంత తెలివితో పద్ధతి మార్చడం ఇక్కడ ప్రతిభ అనిపించుకోదు, డీవియేషన్ (పద్ధతి తప్పడం) అవుతుంది. స్టెరైల్ విభాగంలో చురుగ్గా అటూ ఇటూ కదలడం కూడా తప్పే. వేగంగా కదిలితే శుద్ధమైన గాలి ప్రవాహం చెదిరి కణాలు లేస్తాయి కాబట్టి నెమ్మదిగా, ఆచితూచి కదలాలని నియమం. లోపలికి వెళ్లాక ఫోను ఉండదు, కబుర్లు ఉండవు, మంచినీళ్లు తాగాలన్నా బయటికి వచ్చి మళ్లీ గౌనింగ్ చేసుకోవాలి. హుడ్, మాస్కు, గాగుల్స్ వెనక ముఖం కనబడదు.

ఇలాంటి చోట ఉత్సాహాన్ని వేగంతోనో మాటకారితనంతోనో కొలిస్తే లెక్క తప్పుతుంది. నెమ్మదిగా, మౌనంగా ఉండే ఆపరేటర్ అందరికన్నా శ్రద్ధగలవాడు కావచ్చు. గబగబా పని ముగించి అందరినీ నవ్వించేవాడు రికార్డును గాలికొదిలేసినవాడు కావచ్చు. నిరాసక్తతకు నమ్మదగిన గుర్తులు వేరే ఉన్నాయి. ఒకప్పుడు ప్రశ్నలు అడిగినవారు అడగడం మానేస్తారు. షిఫ్టు మారేటప్పుడు ఇచ్చే హ్యాండోవర్ ‘అంతా ఓకే’ అనే రెండు ముక్కలకు కుదించుకుపోతుంది. చిన్న చిన్న తేడాలు పైకి రావడం ఆగిపోతుంది. సెలవులు ఒకే రకం పని పడిన రోజుల చుట్టూనే పేరుకుంటాయి. ఈ గుర్తులన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది మార్పు. నిన్నటి మనిషికీ నేటి మనిషికీ మధ్య వచ్చిన తేడాను గమనించాలంటే నిన్నటి మనిషి తెలిసి ఉండాలి. బృందంలో ఎవరు ఎలా పనిచేస్తారో ముందునుంచీ తెలియని టీమ్ లీడర్‌కు ఏ గుర్తూ కనబడదు.

కారణం తేల్చుకోవడం

గుర్తు కనబడగానే ‘బద్ధకస్తుడు’, ‘పనిదొంగ’ అని ముద్ర వేయడం సులువు. ఆ ముద్ర పడ్డాక ఇక కారణం వెతికేవారుండరు. పని సరిగా జరగనప్పుడు మూడు ప్రశ్నలు వరుసగా వేసుకోవాలి. ఆ మనిషికి పని చేయడం వచ్చా? చేసే వీలుందా? చేయాలని ఉందా?

మొదటిది నైపుణ్యం. ఎస్ఓపీలు ఇంగ్లీషులో ఉంటాయి. వాటిని చదివి అర్థం చేసుకోలేక, ఆ సంగతి చెప్పుకోలేక పక్కవాడిని చూసి నెట్టుకొచ్చే ఆపరేటర్ బయటికి నిరాసక్తుడిగానే కనబడతాడు. అతడికి కావలసింది మందలింపు కాదు, యంత్రం పక్కన నిలబడి తెలుగులోనో హిందీలోనో చేసి చూపించే శిక్షణ. రెండోది వీలు. ముగ్గురు ఉండాల్సిన చోట ఇద్దరే ఉంటే, చెడిన పరికరం వారాల తరబడి బాగుపడకపోతే, ఎంత ఆసక్తి ఉన్నవారైనా కొన్నాళ్లకు చేతులెత్తేస్తారు. రాత్రి షిఫ్టు కూడా వీలుకు సంబంధించిందే. తెల్లవారుజామున 3 నుంచి 5 గంటల మధ్య మనిషి శరీరంలో చురుకుదనం కనిష్ఠానికి పడిపోతుంది. ఆ వేళ మందకొడితనం స్వభావం వల్ల వచ్చింది కాదు, జీవగడియారం వల్ల వచ్చింది. ఆ గంటల్లో క్లిష్టమైన పని పెట్టకపోవడం, షిఫ్టుల మార్పును ఉదయం, సాయంత్రం, రాత్రి అనే ముందుకు సాగే క్రమంలో ఉంచడం, రాత్రి షిఫ్టు ముగిశాక తగినంత విశ్రాంతి ఇవ్వడం దీనికి మందు. సికింద్రాబాద్, అల్వాల్ వైపు నుంచి షామీర్‌పేట దాటి రోజూ వచ్చిపోయేవారికి ప్రయాణ సమయం కూడా ఆ విశ్రాంతి నుంచే కోతపడుతుంది.

మొదటి రెండు ప్రశ్నలకూ అవునని తేలాకే మూడోదానికి రావాలి. ఆ వరుస తప్పితే శిక్షణ లేనివాడికి ఉపన్యాసం, నిద్ర లేనివాడికి మెమో దక్కుతాయి.

జీతం తీర్చేది, తీర్చనిది

మూడో ప్రశ్న ఆసక్తిది. దాని గురించిన చర్చ ఎప్పుడూ జీతం దగ్గరే మొదలవుతుంది. అమెరికా మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ తన సహచరులతో కలిసి పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజనీర్లు, అకౌంటెంట్లతో మాట్లాడి 1959లో ఒక సిద్ధాంతం ప్రకటించాడు. జీతం, పని పరిస్థితులు, పర్యవేక్షణ తీరు సరిగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది. అవి సరిపడినంత మాత్రాన ఆసక్తి పుట్టదు. ఆసక్తి సాధించామన్న తృప్తి నుంచి, గుర్తింపు నుంచి, బాధ్యత నుంచి, ఎదుగుదల నుంచి వస్తుంది. మంచి జరిగితే తమ గొప్పగా, చెడు జరిగితే పరిస్థితుల తప్పుగా చెప్పుకోవడం మనుషుల నైజమని, అదే ఈ ఫలితాల్లో కనబడిందని తర్వాతివారు విమర్శించారు. ఆ విమర్శలో బలం ఉంది. అయినా టీమ్ లీడర్‌కు ఆ సిద్ధాంతం ఒక పని వరుసను ఇస్తుంది: ముందు అసంతృప్తి కారణాలను తొలగించాలి, ఆ తర్వాత ఆసక్తి కారణాలను పెంచాలి. ఓవర్‌టైమ్ (ఓటీ) డబ్బు ఆలస్యమవుతున్నవాడికి ప్రశంసాపత్రం ఇస్తే పుండు మీద కారం చల్లినట్టే ఉంటుంది.

జీతం టీమ్ లీడర్ చేతిలో ఉండదు. జీతానికి సంబంధించిన న్యాయం మాత్రం కొంత ఉంటుంది. ఓటీ గంటలు ఉన్నదున్నట్టు నమోదు చేయడం, అదనపు పనికి రెట్టింపు వేతనం అనే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచి వస్తున్న నియమాన్ని కాగితం మీదే వదిలేయకపోవడం, అప్రైజల్ వేళ ఎవరి పని వారి పేరునే పైకి చెప్పడం అతడు చేయగలిగినవే. 1963లో జె. స్టేసీ ఆడమ్స్ చెప్పిన సమన్యాయ సిద్ధాంతం సారం కూడా ఇదే. మనిషి తనకెంత వచ్చిందన్నది మాత్రమే చూడడు. తాను పెట్టినదానికీ వచ్చినదానికీ ఉన్న నిష్పత్తిని పక్కవాడి నిష్పత్తితో పోల్చుకుంటాడు. తక్కువ దక్కిందని తోస్తే తన శ్రమను తగ్గించుకుని లెక్క సరిచేసుకుంటాడు.

ఈ పోలిక అన్నిటికన్నా పదునుగా ఉండేది కాంట్రాక్టు మనుషుల విషయంలో. ఒకే గదిలో, ఒకే గౌనులో, పక్కపక్కనే పనిచేసే ఇద్దరిలో ఒకరు కంపెనీ ఉద్యోగి, మరొకరు కాంట్రాక్టర్ తరఫు మనిషి. జీతం, సెలవు, బోనస్, భద్రత వేరు. ఆ తేడాను టీమ్ లీడర్ చెరపలేడు. దానికి అవమానం తోడవకుండా మాత్రం చూడగలడు. కాంట్రాక్టు మనిషిని పేరు పెట్టి పిలవాలి. క్యాంటీన్‌లో, బస్సులో, మీటింగులో వేరు వరుస ఉండకూడదు. కష్టమైన షిఫ్టులన్నీ అడగలేనివారి నెత్తిన పడకూడదు. ఖాళీలు వచ్చినప్పుడు శ్రద్ధగా పనిచేసినవారి పేర్లు పైకి పంపాలి. రేపు ఉంటానో లేదో తెలియని మనిషి నుంచి పదేళ్ల నిబద్ధత ఆశించే ముందు ఇవన్నీ జరిగాయో లేదో చూసుకోవాలి.

పనిని మలచడం

1953లో అహ్మదాబాద్‌లోని క్యాలికో మిల్లులో జరిగిన ఒక ప్రయోగం పారిశ్రామిక మనస్తత్వశాస్త్రంలో నేటికీ చెప్పుకోదగ్గది. కొత్త ఆటోమేటిక్ మగ్గాలు పెట్టినా ఆశించిన ఫలితం రాలేదు. లండన్ టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ అక్కడి పనిని పరిశీలించాడు. పని ముక్కలు ముక్కలుగా విడిపోయి ఉంది. ఎవరికివారు అన్ని మగ్గాల దగ్గరికీ పరుగెత్తేవారు, ఏ మగ్గానికీ ఎవరూ పూర్తిగా బాధ్యులు కారు. కొన్ని మగ్గాలకు ఒక చిన్న బృందం చొప్పున అప్పగించి, ఆ బృందమే తన పనిని పంచుకునేలా మార్చాలన్న ఆలోచన వచ్చింది. కార్మికులు దాన్ని వెంటనే అందిపుచ్చుకుని బృందాలను తామే ఏర్పాటు చేసుకున్నారు. ఉత్పాదకత పెరిగింది, పాడైన బట్ట తగ్గింది. కార్మికులు వారే, యంత్రాలు అవే. మారింది పని అమరిక.

హ్యాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే ఇద్దరు పరిశోధకులు 1970ల్లో ఇదే విషయాన్ని ఒక నమూనాగా కూర్చారు. పనిలో వైవిధ్యం, మొదలు నుంచి చివర దాకా ఒక పూర్తి పని చేశామన్న భావం, ఆ పనికున్న ప్రాముఖ్యం, కొంత స్వేచ్ఛ, ఫలితం తెలియడం అనే ఐదు గుణాలు ఆసక్తికి ఆధారమని వారి వాదన. ఎస్ఓపీ రాజ్యమేలే చోట స్వేచ్ఛ ఎక్కడిదన్న సందేహం సహజం. పద్ధతిలో స్వేచ్ఛ లేదు, ఉండకూడదు. పద్ధతి చుట్టూ ఉన్నదానిలో ఉంది. షిఫ్టులో ఏ పని ఎవరు చేయాలో బృందం ముందే కూర్చుని పంచుకోవచ్చు. ప్రతి ఒక్కరినీ రెండు మూడు పనుల్లో అర్హులను చేసి వంతులవారీగా తిప్పవచ్చు. నాణ్యత పరీక్షల విభాగం (క్యూసీ)లో ఒకే అనలిస్టు ఏడాది పొడవునా ఒకే పరీక్ష చేసే బదులు, ఒక నమూనా తాలూకు పరీక్షలన్నీ వీలైనంతవరకు ఒక జంటకు అప్పగించవచ్చు. ఎస్ఓపీని సవరించే సమయం వచ్చినప్పుడు రోజూ ఆ పని చేసేవారిని పిలిచి అడగవచ్చు. తన సూచన కొత్త ప్రతిలో కనబడిన ఆపరేటర్ ఆ ఎస్ఓపీని పక్కనపెట్టడు.

ఎమ్మెస్సీ చదివి సీసాలు తనిఖీ చేసే బల్ల దగ్గర కూర్చున్నవారి సమస్య వేరు. చదువుకూ పనికీ మధ్య దూరమే వారి నిరాసక్తతకు మూలం. డీవియేషన్ విచారణలో భాగస్వామ్యం, కొత్తవారికి శిక్షణ ఇచ్చే బాధ్యత, నెలవారీ ఫలితాల్లో ధోరణులను విశ్లేషించే పని ఆ దూరాన్ని తగ్గిస్తాయి. ఎదిగే దారి ఎక్కడుందో, ఎంత కాలం పడుతుందో నిజాయితీగా చెప్పాలి. దారి లేకపోతే లేదని చెప్పడమే మేలు. ఆశపెట్టి ఊరించడం నమ్మకాన్ని చంపుతుంది.

ఫలితం కళ్లకు చూపడం

అమెరికా పరిశోధకుడు ఆడమ్ గ్రాంట్ 2007లో ప్రచురించిన ఒక అధ్యయనం తుర్కపల్లికి నేరుగా వర్తిస్తుంది. ఒక విశ్వవిద్యాలయానికి ఫోను మీద విరాళాలు అడిగే ఉద్యోగుల్లో కొందరికి, ఆ విరాళాలతో స్కాలర్‌షిప్ పొందిన ఒక విద్యార్థితో ఐదు నిమిషాలు మాట్లాడే అవకాశం కల్పించారు. నెల తర్వాత చూస్తే వారు ఫోను మీద గడిపిన సమయం 142 శాతం, తెచ్చిన విరాళం 171 శాతం పెరిగాయి. ఆ విద్యార్థిని కలవనివారిలో అలాంటి పెరుగుదల లేదు.

టీకా యూనిట్‌లో చివరి మనిషి కనబడడు. ఫిల్లింగ్ లైన్ దగ్గర కనబడేది సీసాలు, అంకెలు. ఆ సీసాలు ఎక్కడికి వెళ్తాయో చెప్పడానికి ఇక్కడ కథలు కల్పించనక్కర్లేదు. భారత్ బయోటెక్ రోటావైరస్ టీకా అయిన రోటావ్యాక్ చుక్కల మందు 2016లో సార్వత్రిక టీకాల కార్యక్రమంలోకి వచ్చినప్పుడు మొదటి విడత నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాల వయసులో పసిబిడ్డ నోట్లో వేసే ఐదేసి చుక్కలు నీళ్ల విరేచనాలతో ప్రాణం మీదికి రాకుండా కాపాడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత పొందిన తొలి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా టైప్‌బార్ టీసీవీ ఇక్కడిదే. మందులకు లొంగని టైఫాయిడ్ పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రాన్ని పట్టి పీడించినప్పుడు 2019 నవంబరులో అక్కడి పిల్లలకు వేసింది ఆ టీకానే. సరిహద్దులు, వైరాలు దాటి వెళ్లిన పని ఇది.

ఇలాంటి వివరాలు వార్షికోత్సవ ప్రసంగానికే పరిమితం కాకూడదు. బ్యాచ్ విడుదలయ్యాక అది ఏ దేశానికి, ఏ రాష్ట్రానికి వెళ్లిందో ఆ బ్యాచ్ చేసిన బృందానికి చెప్పడానికి ఖర్చు లేదు. టీకాలు వేసే రోజున దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కొత్తగా చేరినవారిని ఒక్కసారి తీసుకెళ్తే, వ్యాక్సిన్ క్యారియర్‌లోంచి ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) తీసే సీసా, బిడ్డను పట్టుకున్న తల్లి చేతులు చెప్పేది ఏ శిక్షణ స్లైడూ చెప్పలేదు. 2021 మే నెలలో, కోవిడ్ రెండో దశ ఉధృతిలో, తమ ఉద్యోగుల్లో 50 మంది ఆ వ్యాధి వల్ల విధులకు దూరమైనా రాత్రింబవళ్లు పని సాగిస్తున్నామని భారత్ బయోటెక్ నాటి సంయుక్త మేనేజింగ్ డైరెక్టర్ సుచిత్ర ఎల్ల బహిరంగంగా తెలిపారు. అలాంటి రోజుల్లో పని ఎందుకో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. మామూలు రోజుల్లో చెప్పాలి. అది టీమ్ లీడర్ దినచర్యలో భాగం కావాలి.

తప్పు చెప్పగలిగే చోటు

నిరాసక్తతకు భయం ఒక పెద్ద మూలం. తప్పు బయటపెట్టిన ప్రతిసారీ తిట్లు తినేవాడు రెండు పాఠాలు నేర్చుకుంటాడు: పని తక్కువ చేస్తే తప్పులు తక్కువ, చెప్పకపోతే అసలే ఉండవు. హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆస్పత్రి బృందాలను పరిశీలించినప్పుడు, మంచి నాయకత్వం ఉన్న వార్డుల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదైనట్టు తేలింది. అక్కడ పొరపాట్లు ఎక్కువ జరగడం కాదు కారణం, వాటిని దాచకుండా చెప్పుకోగలగడం.

అందువల్ల ‘ఈ నెల సున్నా డీవియేషన్లు’ అని బృందానికి బహుమతి ఇవ్వడం ప్రమాదకరం. ఆ బహుమతి తప్పులను తగ్గించదు, తప్పులు రాయడాన్ని తగ్గిస్తుంది. దానికి బదులు తేడాను మొదటి గంటలోనే చెప్పినవారిని అందరి ముందు మెచ్చుకోవాలి. విచారణలో ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్న కన్నా ‘ఎలా జరగగలిగింది’ అన్న ప్రశ్న ముందు రావాలి. ఒకే తప్పు ముగ్గురు వేర్వేరు మనుషులు చేశారంటే లోపం మనుషుల్లో వెతకనక్కర్లేదు, పద్ధతిలోనే ఉంటుంది. తెలిసి రికార్డు తారుమారు చేయడం మాత్రం వేరే కోవకు చెందింది. అక్కడ మెతకదనం పనికిరాదు. పొరపాటుకూ మోసానికీ మధ్య గీత ఎక్కడుందో బృందంలో ప్రతి ఒక్కరికీ ముందే తెలిసి ఉండాలి.

మాట్లాడే పద్ధతి

నిరాసక్తంగా కనబడే ఉద్యోగితో మాట్లాడటం వాయిదా వేసేకొద్దీ కష్టమవుతుంది. ఆ మాట ఏకాంతంగా, గౌను విప్పాక, ముఖం కనబడే చోట జరగాలి. షిఫ్టు చివర బస్సు కోసం తొందరపడే వేళ పనికిరాదు. మొదలు పెట్టేటప్పుడు స్వభావం గురించి కాక సంఘటన గురించి చెప్పాలి. ‘నీకు శ్రద్ధ లేదు’ అంటే ఎదుటివారు తమను తాము కాపాడుకునే పనిలో పడతారు. ‘ఈ వారం మూడు రోజులు హ్యాండోవర్‌లో వివరాలు రాయలేదు, ముందు రాసేవారు, ఏమైంది’ అంటే జవాబు చెప్పే వీలుంటుంది. వయసులో పెద్దవారిని ‘మీరు’ అనడం, వరస కలిపి పిలిచే చనువున్న చోట ఆ చనువును నిలబెట్టుకోవడం మాటకు బలాన్నిస్తాయి.

అడిగాక వినాలి. ఇంట్లో జబ్బు, అప్పు, పిల్లల ఫీజు, పెళ్లి కుదరని బెంగ, వేరే సంస్థలో ఉద్యోగం కోసం ఎదురుచూపు, పక్కవాడితో మాటల్లేకపోవడం, ఏదైనా బయటికి రావచ్చు. అన్నిటికీ పరిష్కారం టీమ్ లీడర్ దగ్గర ఉండదు, ఉండాలని ఎవరూ ఆశించరు కూడా. విన్నది మరో నోట పడకుండా చూడటం, చేయగలిగినది ఒకటైనా చెప్పిన రోజుకు చేయడం చాలు. ఒక షిఫ్టు మార్పు, రెండు రోజుల సెలవు, ఇరుక్కుపోయిన ఒక ఫైలును కదపడం లాంటి చిన్న పనులే నమ్మకాన్ని తెస్తాయి. మాట్లాడిన చివర ఒకటో రెండో స్పష్టమైన లక్ష్యాలు, మళ్లీ కూర్చునే తేదీ ఖాయం కావాలి.

మార్పు రానప్పుడు

అన్నీ చేసినా కొందరిలో మార్పు రాదు. ఆ సంగతి దాచిపెడితే బాగా పనిచేసేవారికి అన్యాయం జరుగుతుంది, ఎందుకంటే ఒకరు వదిలేసిన పని వారి నెత్తినే పడుతుంది. కొంతకాలానికి వారూ అదే బాట పడతారు. అలాంటప్పుడు దశలు ఉండాలి: ఏం మారాలో రాతపూర్వకంగా ఇవ్వడం, గడువు, మధ్యలో సమీక్ష, అవసరమైతే వేరే పనికి మార్చి చూడటం, చివరగా సంస్థ నియమాల ప్రకారం చర్య. ఏ దశలోనైనా ఉద్యోగి తన వాదన చెప్పుకునే అవకాశం ఉండాలి. కాంట్రాక్టు మనిషి విషయంలో ‘రేపటి నుంచి పంపొద్దు’ అని కాంట్రాక్టర్‌కు ఒక్క ఫోను కొట్టడం సులువైన దారి. పర్మనెంట్ ఉద్యోగికి ఇచ్చే విచారణ, గడువు అతడికీ ఇవ్వాలి. ఆ ఒక్క ఫోను కాల్‌ను మిగతా బృందమంతా గమనిస్తుంది, దాని నుంచి అందరూ నేర్చుకునేది మౌనమే.

యాజమాన్యాల వంతు

ఇంత పని టీమ్ లీడర్ మీద పెట్టి, అతడిని ఒంటరిగా వదిలేయడం న్యాయం కాదు. మంచి అనలిస్టునో నిపుణుడైన ఆపరేటర్‌నో పదోన్నతి పేరుతో ఒక్క రోజులో టీమ్ లీడర్‌ను చేస్తారు. యంత్రం గురించి నెలల శిక్షణ పొందినవారికి మనుషుల గురించి ఒక్క పూట శిక్షణ ఉండదు. పైనుంచి ఉత్పత్తి లక్ష్యం, పక్కనుంచి నాణ్యత హామీ విభాగం (క్యూఏ) ప్రశ్నలు, కిందనుంచి సిబ్బంది ఫిర్యాదులు, వీటి మధ్య నలిగి చాలామంది టీమ్ లీడర్లే ముందుగా నిరాసక్తులవుతారు. ఆసక్తి పోయిన నాయకుడి కింద ఆసక్తి గల బృందం నిలవదు.

యాజమాన్యాలు అందించాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. పదోన్నతికి ముందు మనుషులను నడిపించడంలో శిక్షణ ఇవ్వాలి. ప్రతి ఒక్కరినీ పేరు పేరునా ఎరిగి ఉండగలిగేంత చిన్న బృందాన్ని అప్పగించాలి. షిఫ్టులు, సెలవులు, చిన్న గుర్తింపుల మీద నిజమైన అధికారం ఉండాలి. ఉద్యోగులతో విడిగా మాట్లాడే సమయాన్ని పనివేళల్లోనే లెక్కగట్టాలి. ఖాళీ పోస్టులను సకాలంలో నింపాలి, ఓటీని శాశ్వత ఏర్పాటుగా మార్చకూడదు. నిపుణులుగానే ఎదగాలనుకునేవారికి టీమ్ లీడర్ పదవితో పనిలేని వేరే మెట్లు ఉండాలి. టీమ్ లీడర్ పనితీరును ఉత్పత్తి అంకెతో పాటు అతడి బృందంలో ఎందరు నిలిచారు, ఎందరు ఎదిగారు, ఎన్ని తేడాలు సకాలంలో పైకి వచ్చాయి అన్నవాటితోనూ కొలవాలి.

ఇట్లు,
ఈ ప్రాంత పరిశ్రమల శ్రేయోభిలాషి
తుర్కపల్లి